పన్నెండేళ్ల తర్వాత పతకం ఇస్తే సరిపోతుందా? సెబాస్టియన్ కో గారికి బహిరంగ లేఖ

వరల్డ్ అథ్లెటిక్స్ అధ్యక్షులు సెబాస్టియన్ కో గారికి,

నమస్కారం. రష్యా 400 మీటర్ల హర్డిల్స్ రన్నర్ నటాల్యా అంత్యుఖ్ డోపింగ్ (నిషేధిత మందుల వాడకం) కేసు ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమె స్వర్ణం గెలిచిన లండన్ ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి అధ్యక్షులు మీరే. ఆ ఫలితాన్ని రద్దు చేసిన నాటికి ప్రపంచ అథ్లెటిక్స్ అధ్యక్షులూ మీరే. అందుకే మీకే రాస్తున్నాను. ఇక్కడి అధికారులకు చెప్పుకుంటే "అది మన చేతుల్లో లేదు మాస్టారూ" అని పంపించేశారు.

పశ్చిమ గోదావరి జిల్లాలో పిల్లలకి పరుగు నేర్పేవాణ్ణి నేను. 2004 నుంచీ అంత్యుఖ్ పరుగు చూస్తూనే ఉన్నాను. ఏథెన్స్‌లో 400 మీటర్లు 49.89 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చుకుంది, 4×400 రిలేలో రజతం. మరుసటి ఏడాది హెల్సింకీ ప్రపంచ పోటీల్లో రిలే స్వర్ణం. ఆ తర్వాత హర్డిల్స్‌కి మారి 2010లో బార్సిలోనాలో యూరప్ ఛాంపియన్ అయింది. 31 ఏళ్ల వయసులో లండన్‌లో 52.70 సెకన్లలో ఆ హర్డిల్స్ స్వర్ణం. ఇంత పొడవైన కెరీర్‌లో ఏది ఒళ్లు అలిసేలా కష్టపడి సాధించింది, ఏది మందు ఇచ్చింది అని ఇవాళ ఎవరైనా విడదీసి చెప్పగలరా? నాకు ముందు బాధ కలిగించేది అదే.

అంతకంటే పెద్ద బాధ ఆమె వెనక వచ్చినవాళ్లది. 2012 ఆగస్టు 8న అదే రేసులో అమెరికా రన్నర్ లషిండా డీమస్ 52.77లో రెండోగా గీత దాటింది. తేడా సెకనులో నూటికి ఏడు వంతులు. అప్పటికి ఆమె ప్రపంచ ఛాంపియన్, ఐదేళ్ల కవల పిల్లల తల్లి. అంత్యుఖ్ ఫలితం రద్దయినట్టు 2022 అక్టోబర్‌లో ప్రకటించారు. డీమస్ మెడలో స్వర్ణం పడింది 2024 ఆగస్టు 9న, పారిస్‌లో. పన్నెండేళ్ల ఒక రోజు! ఆమె రిటైరైపోయింది, పిల్లలకి పదిహేడేళ్లు వచ్చేశాయి. విజేత అని చెప్పుకుని స్పాన్సర్ల దగ్గరికి వెళ్లాల్సిన వయసంతా రెండో స్థానంలోనే గడిచిపోయింది. నాలుగో స్థానంలో వచ్చిన జమైకా అమ్మాయి కలీస్ స్పెన్సర్ ఆ రోజు లండన్‌లో అసలు పోడియమే ఎక్కలేదు సార్.

రిలే సంగతి ఇంకా ఘోరం. అదే లండన్‌లో రష్యా 4×400 జట్టుకి రజతం వచ్చింది, అందులోనూ అంత్యుఖ్ ఉంది. ఆ జట్టులోని అంతోనినా క్రివోషాప్కా నమూనా మళ్లీ పరీక్షిస్తే డోపింగ్‌లో దొరికిపోయిందని 2017లో ఆ రజతం తీసేశారు. వాళ్ల వెనక మూడోగా వచ్చిన జమైకా జట్టులో నోవ్లీన్ విలియమ్స్-మిల్స్ ఉంది. తనకు రొమ్ము క్యాన్సర్ ఉందని తెలిసి కూడా పరుగెత్తి, ఆటలు ముగిసిన కొద్ది రోజులకే ఆపరేషన్ చేయించుకుంది. ఆమె నిలబడాల్సిన మెట్టు మీద ఆ రాత్రి వేరేవాళ్లు నిలబడ్డారు. నాలుగున్నరేళ్ల తర్వాత జాబితాలో పేరు పైకి జరిపితే ఆ రాత్రి ఆమెకి తిరిగొస్తుందా? దయచేసి చెప్పండి.

ఇదంతా రష్యా అమ్మాయిల తప్పే అంటే నేను ఒప్పుకోను. రష్యా అథ్లెటిక్స్ సమాఖ్య అధ్యక్షుడిగా ఉన్న బాలఖ్నిచెవ్ మీ అంతర్జాతీయ సంఘానికే కోశాధికారిగా ఉన్నారు. డోపింగ్ కప్పిపుచ్చిన వ్యవహారంలో 2016లో ఆయన్ని జీవితకాలం నిషేధించారు. మీకు ముందు అధ్యక్షుడైన లమీన్ డియాక్‌కి అదే వ్యవహారంలో 2020లో పారిస్ కోర్టు శిక్ష వేసింది. ఆ రోజుల్లో మీరు ఉపాధ్యక్షులు. రక్షించాల్సిన ఇంట్లోనే ఇలా ఉంటే ట్రాక్ మీద అమ్మాయి ఎవరిని నమ్మాలి?

మా దగ్గరా మచ్చ లేదని అనను. 2011లో మన 4×400 అమ్మాయిలు డోపింగ్‌లో దొరికారు. ఇంకోవైపు 2018 జకార్తా ఆసియా క్రీడల మిక్స్‌డ్ రిలేలో గెలిచిన బహ్రెయిన్ జట్టు రన్నర్ డోపింగ్‌లో దొరకడంతో మన రజతం రెండేళ్ల తర్వాత స్వర్ణమైంది. ఆ రోజు స్టేడియంలో మోగింది బహ్రెయిన్ గీతం. డీమస్‌కి పారిస్‌లో పతకం ఇచ్చిన రోజే మా తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ అదే నగరంలో 4×400 రిలే హీట్స్ పరుగెత్తింది. ఆమెను చూసి మా ఊళ్ల పిల్లలు తెల్లవారుజామున లేచి గ్రౌండ్‌కి వస్తున్నారు. "మందు వాడినవాళ్లు గెలిస్తే మనకెప్పుడు తెలుస్తుంది సార్?" అని అడుగుతారు. పన్నెండేళ్లకు అని ఏ నోటితో చెప్పను?

2020లో రష్యా సమాఖ్యకు కోటి డాలర్ల జరిమానా వేసి, అందులో సగం వసూలు ఆపి ఉంచారు. 2023లో సభ్యత్వం తిరిగిచ్చేశారు. మోసపోయిన రన్నర్లకు పోయిన ప్రైజ్ మనీ, పోయిన ఏళ్లు ఎవరివ్వాలి? వాళ్ల కోసం ఒక నిధి పెట్టండి. పాత నమూనాలు మళ్లీ పరీక్షించి కేసు పెట్టడానికి పదేళ్ల గడువు చాలదు, అంత్యుఖ్ ఫలితం పోయింది కూడా మాస్కో డోపింగ్ పరీక్షల ల్యాబ్ పాత డేటా బయటపడితేనే కదా. గడువు పెంచండి. కేసు తేలిన ఏడాదిలోపు నిండు స్టేడియంలో, గీతం మోగిస్తూ పతకం ఇవ్వండి. అన్నింటికంటే ముందు త్వరగా తేల్చండి సార్, రన్నర్ ఇంకా పరుగెత్తుతుండగానే తేల్చండి. ఒలింపిక్ కమిటీ చూసుకుంటుందని అనకండి. ఫలితాల పట్టిక మీ చేతుల్లోనే ఉంది.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా