బొమ్మల పుస్తకాల్లో మహాడ్ చెరువు ఏది?

సంపాదకుల వారికి,

అంబేడ్కర్ జయంతికి మీ ఆదివారం అనుబంధంలో పిల్లల కోసం వేసిన, అంబేడ్కర్ వంటివారి బొమ్మల జీవిత చరిత్రలను తెగ మెచ్చుకున్నారు. వాటిలో కొన్ని మా మనవరాలికి కొన్నాను కనుక ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. వ్యాసకర్త రంగుల గురించి, నునుపు కాగితం గురించి రాశారు. లోపలి మాటల ఊసే లేదు.

అంబేడ్కర్ పుస్తకాలన్నిటా ఒకటే కథ. పేద పిల్లవాడు కష్టపడి చదివాడు, విదేశాలకు వెళ్లాడు, రాజ్యాంగం రాశాడు. ఆ కష్టం పెట్టిందెవరో ఒక్క పేజీలోనూ లేదు. మహారాష్ట్రలోని సతారా బడిలో అంటరానివాడని ఆయనను గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. ఊడ్చే మనిషి దాన్ని ముట్టడు కాబట్టి రోజూ ఇంటికి మోసుకుపోయి మళ్లీ తెచ్చుకునేవారు. బంట్రోతు వచ్చి కుళాయి తిప్పకపోతే దాహంతోనే ఉండాలి. ఇవి ఆయన స్వయంగా రాసుకున్న సంగతులు. చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు అంటారా? అనుభవించినవాడూ చిన్నపిల్లవాడే కదా!

ఇక మహాడ్. మహారాష్ట్రలోని ఆ ఊరి చెరువు నీళ్లను దళితులను ముట్టనిచ్చేవారు కాదు. ఒక పుస్తకంలో తామరపూల చెరువు బొమ్మ, కింద 'అందరూ సంతోషంగా నీళ్లు తాగారు' అని ఒక వాక్యం. చెరువు అందరిదీ అని 1924లోనే మునిసిపాలిటీ తీర్మానించినా అమలు చేయలేదు. అందుకే 1927 మార్చి 20న ఆయన వేలమందితో నడిచి వెళ్లి దోసిలితో నీళ్లు తాగారు. ఆ తర్వాత పైకులాలవారు వాళ్లను కొట్టారు, చెరువును పేడనీళ్లతో 'శుద్ధి' చేశారు. ఆ నీళ్లపై దళితులకూ హక్కుందన్న హైకోర్టు తీర్పు 1937లో గానీ రాలేదు. ఇంత పోరాటాన్ని విహారయాత్రలా గీస్తారా?

ఆడపిల్లలకు చదువు చెప్పిన సావిత్రీబాయి ఫులే పుస్తకమూ అంతే. బడికి వెళ్లే దారిలో పేడ, బురద విసిరేవారని ఆమె వేరే చీర వెంట తీసుకెళ్లేవారు. బొమ్మలో మాత్రం పలక పట్టుకుని నవ్వుతూ ఉంటారు. మన భాగ్యరెడ్డి వర్మకైతే ఆ పాటి చోటూ లేదు. 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి దళిత పిల్లలకు బడులు నడిపిన మనిషి ఆయన. పుస్తక ప్రదర్శనలో అడిగితే దుకాణదారులకు పేరే తెలియలేదు.

మంచి పుస్తకాలు ఉన్నా పిల్లలకు అందేదెలా? ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ముక్కుపిండి వసూలు చేస్తున్నారు. మా ఊరి గ్రంథాలయంలో పిల్లల బీరువాకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో సిబ్బందికే తెలియదు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ 125 అడుగుల విగ్రహాలు నిలబెట్టిన ప్రభుత్వాలకు ఊరికి నాలుగు పుస్తకాలు కొనడం భారమైందా? జయంతి రోజున దండలు వేసే నాయకులను మీ విలేకరులు ఈ ప్రశ్న అడగాలి.

జనవరి 3న సావిత్రీబాయి జయంతికి మళ్లీ ఇలాంటి జాబితా వేసేటట్లయితే, ఆ పుస్తకాలను మొదటి నుంచి చివరిదాకా చదివినవారి చేత రాయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా