ఫీజు అడగని జర్నల్

ఒరేయ్ రమణా,

అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని తమ్ముడు చెప్పాడు. మనసు కుదుటపడింది.

మా పేపర్ సంగతి చెప్పాలి. మార్చిలో ఒక జర్నల్ ఒప్పుకుందని ఎగిరి గంతేసినట్టు ఫోన్ చేశాను కదా, మూడో రోజుకే పేపర్ వేయడానికి ఫీజు కట్టమని బిల్లు వచ్చింది. మన డబ్బుల్లో 2 లక్షల పైనే. నాతో పనిచేసిన అమ్మాయికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. చివరికి పేపర్ వెనక్కి తీసుకున్నాం.

అప్పట్నుంచి నా ధ్యాసంతా జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రీసెర్చ్ మీదే. 2001లో మెషీన్ లెర్నింగ్ అనే జర్నల్ ఎడిటోరియల్ బోర్డు నుంచి 40 మంది రాజీనామా చేశారు, తెలుసా? రాసేది వాళ్లే, రివ్యూ చేసేది వాళ్లే, తీరా చదవాలంటే లైబ్రరీలు బోలెడు చందా కట్టాలి. అది సహించలేక, అప్పుడే మొదలైన ఈ కొత్త జర్నల్ వైపు వచ్చేశారు. ఇందులో చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, పేపర్ వేయించుకోవడానికీ కట్టక్కర్లేదు. మన పిల్లలు ల్యాబ్‌లో వాడే సైకిట్-లెర్న్ అనే మెషీన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ పేపర్ 2011లో, న్యూరల్ నెట్‌వర్క్‌ల శిక్షణలో వాడే డ్రాపౌట్ పద్ధతి పేపర్ 2014లో వచ్చింది ఇందులోనే! ఫీజు లేని జర్నల్ అంటే చిన్నచూపు చూసేవాళ్లకి ఈ రెండు పేర్లే చెబుతున్నా.

ఎడిటర్లు, రివ్యూవర్లు ఊరికే చేస్తారు. పేజీలు అచ్చుకి తగ్గట్టు అమర్చే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు సిద్ధం చేసుకునే పని రచయితదే. రెండు రాత్రులు పోతాయి, పోనీ. కానీ మనం కంప్యూటర్ వాళ్లం కాబట్టి సాగింది. భాషాశాస్త్రానికో వ్యవసాయానికో ఇలాంటి జర్నల్ పెడితే టైప్‌సెట్టింగ్, సర్వర్ ఎవరు చూస్తారు? బ్రెజిల్‌లో జర్నల్స్‌ని అందరికీ ఉచితంగా చదివించే సైలో అనే ఆన్‌లైన్ వేదికకి సావో పాలో రాష్ట్ర పరిశోధన నిధి సంస్థ దన్నుగా నిలబడింది. ఇక్కడ ప్రభుత్వ విద్యాసంస్థల తరఫున జర్నల్స్‌కి చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్రం మూడేళ్లకి 6,000 కోట్లు కేటాయించింది. నీది ప్రభుత్వ యూనివర్సిటీ, నీకు అందుతోంది. మా ప్రైవేటు కాలేజీకి ఇంకా రాలేదు. అందులో కొంత ఫీజు అడగని జర్నల్స్‌కి ఇచ్చి ఉంటే నీకూ నాకూ, ఏ కాలేజీలోనూ లేనివాళ్లకీ ఒకేలా అందేది. ఇది తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది.

పేపర్ మళ్లీ రాస్తున్నాం, ఈసారి అక్కడికే పంపుతాం. నాలుగో సెక్షన్‌లో రుజువు మీద నాకింకా నమ్మకం కుదరలేదు. దసరాకి వస్తావుగా, ఒక పూట దాని ముందు కూర్చుందాం. ఆ అమ్మాయినీ రమ్మంటాను.

నీ
సుబ్బు