కీమో రోగికి తోడుండేవారినీ లెక్కలోకి తీసుకోండి

సంపాదకులు గారికి నమస్కారములు.

క్యాన్సర్ చికిత్స మీద మీ పత్రికలో వచ్చే వార్తలన్నీ శ్రద్ధగా చదువుతుంటాను. వాటిలో కొత్త యంత్రాలు, కొత్త మందులు, పడకల సంఖ్య, ఆరోగ్యశ్రీ పరిమితి వంటి విషయాలే ఎక్కువగా ఉంటాయి. అవన్నీ ప్రజలకు తెలియవలసినవే. అయితే ఇద్దరు చిన్న పిల్లల తల్లినై ఉండి నిరుడు రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకున్న నాకు, ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక సంగతి ప్రతిరోజూ కళ్లకు కట్టింది. కీమో మందు ఎక్కించడానికి ఆసుపత్రిలో పట్టేది కొన్ని గంటలే. ఆ తర్వాతి విడత వరకు రోగిని నిలబెట్టేది, పిల్లలను సాకేది, మళ్లీ వేళకు ఆసుపత్రికి చేర్చేది ఇంట్లోవాళ్లు. వాళ్ల శ్రమకు గానీ, వాళ్లు పోగొట్టుకునే కూలికీ జీతానికీ గానీ మన వైద్య పథకాల్లో, ఉద్యోగ నిబంధనల్లో చోటు లేదు. అలా నిలబడగలిగినవాళ్లు లేని ఇంట్లో, మందు ఉచితంగా దొరికినా చికిత్స సక్రమంగా సాగదు.

రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా అనుసరించే ఒక పద్ధతిలో డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి రెండు లేదా మూడు వారాలకోసారి నాలుగు విడతలు ఇస్తారు. వార్డులో అందరూ దాన్ని ఎర్ర మందు అనే అంటారు. ఆ తర్వాత పాక్లిటాక్సెల్ వారం వారం పన్నెండుసార్లు పెడతారు. ప్రతి విడతకు ముందు రక్తపరీక్ష చేసి, రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా తగ్గినట్టు తేలితే మందు వాయిదా వేసి పంపించేస్తారు. ఇంటి నుంచి రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన రోగికీ, పని మానుకుని వెంట వచ్చిన మనిషికీ ఆ రోజు మొత్తం వృథా అయినట్టే. నాకు మొదటి విడతకు ముందే చంటివాడికి పాలు మాన్పించమన్నారు. వాడికి అప్పటికి ఏడాది నిండలేదు. మా అత్తయ్య వాడిని రాత్రిళ్లు తన పక్కలో వేసుకుని, ఏడ్చినప్పుడల్లా లేచి పాలు కలిపి పట్టేవారు. నా గొంతు వినపడితే వాడు ఊరుకోడని, వాడు నిద్రపోయేదాకా నన్ను పక్క గదిలో మాట్లాడవద్దనేవారు. ఆ వయసులో ఆవిడకున్న మోకాళ్ల నొప్పులతో అలా ఎన్ని రాత్రులు గడిపారో నాకు తెలుసు.

మందు పెట్టిన వారం తర్వాత నుంచి రెండు వారాల వరకు తెల్లకణాలు బాగా పడిపోయే కాలం. పిల్లలున్న ఇంట్లో అది మహా కష్టమైన సమయం. బడికి వెళ్లే పిల్లలు జలుబు, దగ్గు, జ్వరం ఏదో ఒకటి తెచ్చుకోకుండా ఉండరు. మా పెద్దమ్మాయికి ముక్కు కారడం మొదలైతే చాలు, ఆ పూటే మా ఆడపడుచు వచ్చి పిల్లను తనతో తీసుకువెళ్లేవారు. ఆరేళ్ల పిల్లకు అమ్మ మీద కోపం వచ్చేది. అలా వచ్చి తీసుకువెళ్లేవారు దగ్గర్లో లేని తల్లులు ఏం చేస్తారో ఆసుపత్రిలో ఎవరూ అడగరు. పరామర్శకు వచ్చే బంధుమిత్రులకు కూడా ఈ సందర్భంగా ఒక మనవి. ప్రేమతోనే వస్తారు, కాదనను. కానీ ఆ రోజుల్లో ముందుగా ఫోన్ చేసి రండి, జలుబుంటే రాకండి, రోగి ముందు ఇంకెవరో చనిపోయిన సంగతి చెప్పకండి.

జ్వరం విషయం కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. కీమో తీసుకుంటున్నవారికి జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసుకుని తెల్లవారేదాకా చూడకూడదనీ, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకుని యాంటీబయాటిక్ ఎక్కించుకోవాలనీ డాక్టర్లు మొదటి రోజే చెబుతారు. తెల్లకణాలు లేనప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఒక అర్ధరాత్రి నాకు జ్వరం వచ్చినప్పుడు దగ్గర్లోని ఒక నర్సింగ్‌హోమ్‌కు వెళ్తే, క్యాన్సర్ పేషెంటు అనగానే లోపలికి కూడా రానివ్వకుండా హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. మా తమ్ముడు కారు ఖమ్మం వైపు తిప్పి, అక్కడి మరో ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు మా క్యాన్సర్ వైద్యులను ఫోన్‌లో కలిపి, వాళ్లిద్దరి చేతా మాట్లాడించి, సెలైన్ మొదలయ్యేదాకా అక్కడి నుంచి కదలలేదు. డిగ్రీ చదివిన తమ్ముడు, కారున్న స్నేహితుడు, రాత్రివేళ ఫోన్ ఎత్తే డాక్టరు నాకున్నారు కాబట్టి ఆ రాత్రి గడిచింది. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ, ఏరియా ఆసుపత్రిలోనూ కీమో రోగికి జ్వరం వస్తే వెంటనే ఏం చేయాలో రాసిన ఒక కాగితం, ఆ యాంటీబయాటిక్ నిల్వ, ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండే ఒక ఫోన్ నంబరు ఉంటే చాలు. దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు.

ఇక ఖర్చుల మాట. కీమో ఖర్చు ఆరోగ్యశ్రీ భరించింది, అందుకు కృతజ్ఞురాలిని. మా ఇంటిని కుదిపేసినవి మిగిలిన ఖర్చులు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోయినా, తెల్లకణాలు తగ్గిన మనిషి కిక్కిరిసిన బస్సులో అంత దూరం ప్రయాణించడం ప్రమాదం. రైల్వేలో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ పూర్తిగా, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రిలో రాసి ఇచ్చే నిర్ణీత పత్రం చూపిస్తే సరిపోతుంది. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, పక్క కుర్చీలో మందు ఎక్కించుకుంటున్న ఒక పెద్దాయన చెప్పారు. కౌంటరులోనే ఆ పత్రం ఇచ్చి పంపడం అంత కష్టమా?

మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. ఉన్న సెలవులు ఎర్ర మందు పూర్తికాకముందే అయిపోయాయి, తర్వాత జీతంలో కోత మొదలైంది. కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐలో ఉన్న కార్మికుడికే క్యాన్సర్ వస్తే, అర్హత ఉన్నవారికి పొడిగించిన అనారోగ్య ప్రయోజనం కింద రెండేళ్ల వరకు వేతనంలో 80 శాతం ఇస్తారు. ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ ఆ కార్మికుడి భార్యకు వస్తే, ఆమెను చూసుకోవడానికి అతనికి వేతనంతో కూడిన సెలవు ఎక్కడా లేదు. కుటుంబసభ్యుల క్యాన్సర్ కోసం ప్రావిడెంట్ ఫండ్ నుంచి కొంత తీసుకోవచ్చు గానీ, అది అతను దాచుకున్న సొమ్మే. ఈ లోటును సరిచేయమని కార్మిక సంఘాలు అడగాలి, శాసనసభ్యులు సభలో లేవనెత్తాలి.

సెలవు అనే మాటే వర్తించని వాళ్ల పరిస్థితి ఇంకా దారుణం. నాతోపాటు మందు పెట్టించుకునే ఒక అమ్మాయిది కౌలు రైతు కుటుంబం. పత్తి ఏరే రోజులు రాగానే ఆమె రావడం ఆలస్యమైంది. అడిగితే, తల్లి కూలికి పోకపోతే ఇల్లు గడవదని, భర్త చేను వదిలి రాలేడని, తోడు లేనిదే మందు పెట్టరని, మూడేళ్ల బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియదని చెప్పింది. ఆమె ఒంట్లో మందును తట్టుకునే శక్తి ఉంది. ఆమెతో రావడానికి మనిషి లేక విడత వాయిదా పడింది. ఇలాంటి వాయిదాలకు కారణమేమిటో ఆసుపత్రి రికార్డుల్లో రాయడం మొదలుపెడితే, సమస్య ఎంత పెద్దదో ప్రభుత్వానికే తెలుస్తుంది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు (మందు ఎక్కించుకుని ఆ రోజే ఇంటికి వెళ్లగలిగేవి), మొదటి ఏడాది 200 కేంద్రాలు పెడతామని ప్రకటించారు. అవి పేరుకు బోర్డులుగా మిగిలిపోకూడదు. మొదటి విడత, మందు మార్పులు హైదరాబాద్‌లోని పెద్ద వైద్యులు చూసుకున్నా, వారం వారం పెట్టే పాక్లిటాక్సెల్ వంటివి శిక్షణ పొందిన నర్సులు, పర్యవేక్షించే డాక్టరు ఉంటే ఖమ్మంలోనే పెట్టవచ్చు. అప్పుడు మా అత్తయ్య వంటివాళ్లు పొద్దున పిల్లలను బడికి పంపి, సాయంత్రానికి కోడలిని ఇంటికి తెచ్చుకోగలుగుతారు. ఆ కేంద్రాలు కట్టేటప్పుడే ఒక గది పిల్లల కోసం, ఒక ఆయాతో సహా, కేటాయించమని కోరుతున్నాను. కీమో వార్డులోకి పిల్లలను రానివ్వకపోవడం సరైనదే. అయితే యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే సంస్థల్లో ఉద్యోగుల పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో చట్టమే చేసుకున్న మనం, రోగుల పిల్లలను మాత్రం ఆసుపత్రి వరండాల్లో వదిలేస్తున్నాం.

వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఈ కేంద్రాల ప్రణాళిక రాసేటప్పుడు, కీమో పూర్తి చేసుకున్న నలుగురైదుగురు తల్లులనూ, వాళ్లకు తోడు వచ్చినవాళ్లనూ పిలిచి ఒక పూట మాట్లాడమని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. పిలిస్తే మా అత్తయ్యను వెంటబెట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మధిర, ఖమ్మం జిల్లా