ఆదివారం బాస్కెట్‌బాల్: ముందు రింగు పని, తర్వాత ఆట

అందరికీ నమస్తే 🏀

ఈ ఆదివారం పొద్దున్న 5:45కి విశాఖ ఎంవీపీ కాలనీలో మన పార్కు కోర్టు దగ్గర కలుద్దాం. ఆట 7కి.

సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు వచ్చి నాలుగు షాట్లు వేసి వెళ్లిపోతున్నారు. ఆరుగురు ఒకేసారి కలవట్లేదు, అందుకే ఆట సాగట్లేదు. ఇకపై ప్రతి ఆదివారం ఇదే టైం.

రింగు: సముద్రపు గాలికి బోల్టుల దగ్గర తుప్పు పొరలుగా లేచింది. వైర్ బ్రష్‌తో గీకి, ఎమరీ పేపర్ రుద్ది, పొడిబట్టతో తుడిచాకే రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా పూసే ప్రైమర్). తుప్పు మీదే పూస్తే వానాకాలంలో పొలుసులుగా ఊడొస్తుంది. పూసిన రింగు అప్పటికి ఆరదు కాబట్టి ఆ రోజు రెండో రింగు వైపే ఆడదాం.

నెట్ నైలాన్‌దే తెండి, 12 కొక్కేలకు సరిపోయేది. నేల నుంచి రింగు పై అంచు 10 అడుగులుండాలి, టేపు పెట్టి చూద్దాం.

ఆట: ముగ్గురికి ముగ్గురు, హాఫ్ కోర్టు, 11 పాయింట్లు లేదా 10 నిమిషాలు. వరసగా రెండు గెలిచిన జట్టు కూడా కోర్టు బయటికి వచ్చి వేరేవాళ్లకు చోటివ్వాల్సిందే. ఇది దయచేసి పాటించండి. కొత్తగా వచ్చిన పిల్లలు అరగంట గట్టు మీద కూర్చుంటే మళ్లీ రారు.

బంతి 7వ సైజు. గాలి కొట్టేముందు సూదిని తడపండి, పొడిగా గుచ్చితే వాల్వ్ చిరుగుతుంది.

నిచ్చెన, చీపురు ఎవరు తెస్తారు? కోర్టులో ఇసుక ఉంటే కాలు జారుతుంది.

శనివారం రాత్రి 8లోపు పేర్లు పెట్టండి. బైకులు గేటు బయటే 🙏