కర్ర పాతితే చెట్టవుతుందా?

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ వ్యవసాయ పేజీలో శనగపచ్చ పురుగు మీద సలహా వేశారు. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను గానీ మనసొప్పలేదు. ఎకరాకు ఇన్ని చొప్పున 'పక్షి స్థావరాలు' పెట్టాలట. అంటే టి ఆకారంలో కట్టిన ఎండు కర్రలు. వాటి మీద ఏట్రింతలూ పాలపిట్టలూ వాలి పురుగుల్ని ఏరుకు తింటాయట. తింటాయి, కాదనను. ఈ పని మొన్నమొన్నటిదాకా గట్టు మీది తుమ్మచెట్టు చేసిపెట్టేది కదండీ! దాన్ని కొట్టేస్తుంటే నోరెత్తని వాళ్లు ఇప్పుడు కర్రలు పాతమంటున్నారు.

సరే, పిట్ట కర్ర మీద వాలింది. గూడెక్కడ పెట్టుకోవాలి? పాలపిట్టకు, చిలుకకు, గుడ్లగూబకు తొర్ర కావాలి. తొర్ర పడాలంటే మాను ముదరాలి, కొమ్మ విరిగి లోపల పుచ్చాలి. దానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. మనమేమో కాస్త పుచ్చు కనబడగానే 'పనికిరాని చెట్టు' అని ముందు దానికే రంపం పెడతాం. గుడ్లగూబ పోయాక ఎలుకల మందు కొనుక్కుంటాం.

2018-2022 మధ్య మన దేశపు పొలాల్లో 50 లక్షలకు పైగా పెద్ద చెట్లు మాయమయ్యాయని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో లెక్క తేల్చి 2024లో 'నేచర్ సస్టైనబిలిటీ'లో ప్రచురించారు. రెండు రోజులు చెప్పుకున్నాం, మరిచిపోయాం. పొలాల్లో చెట్ల పెంపకానికి 2014లోనే జాతీయ విధానం తెచ్చుకున్న దేశం మనది! చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. నిజాయితీగా అర్జీ పెట్టుకున్నవాడు ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాడు, పెట్టనివాడి కలప తెల్లారేసరికి ట్రాక్టరెక్కి పోతుంది.

రైతును ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు. నీడ పడ్డ సాళ్లలో దిగుబడి తగ్గితే నష్టం అతనిది. ఆ చెట్టు మీది పిట్టలు తినేది మాత్రం చుట్టుపక్కల అందరి చేలల్లో పురుగుల్ని. అతనికి ఆ నాలుగు సాళ్ల నష్టమైనా ఎవరిస్తారు? మొక్క నాటి ఫొటో దిగడానికి పథకాలున్నాయి, ఉన్న చెట్టును ఉంచినందుకు ఏముంది? నాటేవైనా ఏమిటి? వరసలు తీర్చిన జామాయిల్, సుబాబుల్. లెక్కల్లో అదీ పచ్చదనమే. మర్రి, జువ్వి, మేడి అయితే మిగతా చెట్లకు కాయ లేని రోజుల్లో కూడా పిట్టల్ని, గబ్బిలాల్ని సాకుతాయి. నర్సరీకెళ్లి మేడి మొక్క అడిగి చూడండి, మిమ్మల్ని వింతగా చూస్తారు.

మీకు ఒక్కటే మనవి. ఆ కర్రల సలహా మళ్లీ వేసేటప్పుడు 'గట్టు మీద చెట్టున్న చోట ఇవి అక్కర్లేదు, ఆ చెట్టును కొట్టకండి' అని ఒక్క ముక్క కలపండి. జాగా చాలకపోతే ఆ కర్ర బొమ్మ తీసేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు