విలియం కుషింగ్ పేరు ఎక్కడండీ?

సంపాదకుడి గారికి,

మీ ఆదివారం పేజీలో అమెరికా సుప్రీంకోర్టు మీద వ్యాసం వచ్చి వారం దాటింది, ఎవరైనా రాస్తారేమో అని చూశాను, ఎవరూ రాయలేదు, అందుకే నేనే రాస్తున్నా. పేజీ నిండా మ్యాటర్ ఉంది, తొలి చీఫ్ జస్టిస్ జాన్ జే ఉన్నాడు, తర్వాతి చీఫ్ జస్టిస్‌లలో ఒకడైన జాన్ మార్షల్ ఉన్నాడు, బానిసత్వం దగ్గరికి వచ్చేసరికి తిన్నగా లింకన్ దగ్గరికి దూకేశారు. మరి విలియం కుషింగ్ ఏమైపోయాడండీ?

1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ వేసిన మొట్టమొదటి సుప్రీంకోర్టు బెంచిలో ఆయన ఒకరు. దానికి ముందు మసాచుసెట్స్ రాష్ట్రానికి చీఫ్ జస్టిస్. అక్కడ క్వాక్ వాకర్ అనే నల్లజాతి యువకుడు జెన్నిసన్ అనే యజమాని దగ్గర్నుంచి బయటపడి పక్కవాళ్ల పొలంలో పని చేసుకుంటుంటే, ఆ జెన్నిసన్ మనుషుల్ని వెంటేసుకొచ్చి కొరడా పిడితో చావబాది లాక్కెళ్లి బంధించాడు. నా బానిస, నా ఇష్టం అని వాదన. 1783లో కేసు కుషింగ్ ముందుకొచ్చింది. 1780లో మన మసాచుసెట్స్ రాజ్యాంగంలో మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని రాసుకున్నాం, ఇంక బానిసత్వం ఎలా చెల్లుతుంది అని జ్యూరీకి తేల్చి చెప్పాడాయన. జెన్నిసన్‌కి 40 షిల్లింగుల జరిమానా పడింది. తెల్లారేసరికి అందరికీ విముక్తి వచ్చేసిందని నేను అనట్లేదు, అసెంబ్లీ చట్టమూ చేయలేదు, కానీ 1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్ బానిసల కాలమ్‌లో ఉన్నది సున్నా! లింకన్ బానిసల విముక్తి ప్రకటన 1863లో, అంటే ఈ కేసుకి 80 ఏళ్ల తర్వాత. ఇంత సంగతికి ఒక్క లైను చోటు దొరకలేదా మీకు?

ఇంకోటి. 1796లో వాషింగ్టన్ ఆయన్ని చీఫ్ జస్టిస్‌గా నామినేట్ చేస్తే సెనేట్ కూడా ఓకే చేసింది, ఒంట్లో బాగోదని ఆయనే వద్దనేశాడు. మామూలు జడ్జిగానే 1810లో పోయేదాకా పనిచేశాడు. ఇక్కడ రిటైరవకముందే ఏ కమిషన్ దొరుకుతుంది, ఏ ట్రిబ్యునల్ దొరుకుతుంది అని పైరవీలు చేసేవాళ్లని కోర్టు వరండాల్లో ఏళ్ల తరబడి చూసినవాణ్ణి, వచ్చిన పెద్ద కుర్చీని వద్దన్న మనిషి గురించి మన పిల్లలకి తెలియాలా వద్దా?

ఈమధ్య మీ పేపర్లో ఫొటోలు పెద్దవవుతున్నాయి, విషయం తగ్గిపోతోంది. ఎక్కడో దొరికింది తెలుగులోకి దించేసి పేజీ నింపేస్తున్నారు, డెస్కులో ఒకసారి సరిచూసేవాళ్లే లేరా? వచ్చే ఆదివారం పావు పేజీ అయినా ఇచ్చి కుషింగ్ గురించి, వాకర్ గురించి సరిగ్గా రాయించండి.

— ఒక రిటైర్డ్ లాయర్, గుంటూరు