నీకు పీరు పేరు, నాకు స్వామి పేరు

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం

మామా,

మొన్న ఫోన్లో మాట మధ్యలో తెగిపోయింది కదా, కోపమొచ్చి నేనే పెట్టేశాననుకుని ఉంటావు. కాదు, ఛార్జింగ్ అయిపోయింది. అయిపోయిందే మేలైంది. ఫోన్లో నువ్వు నన్ను ఎప్పుడు మాట్లాడనిచ్చావు గనక? ఉత్తరంలో అయితే అడ్డం రాలేవు. పైగా మా ఇంట్లో కరెంటు లేదు, ఇంటిది వాళ్ల చెల్లెలింటికి పోయింది, ముందర చెంబు నిండా మజ్జిగ ఉంది. అంతా రాసేస్తా.

"మతాల వల్లే ఈ గొడవలన్నీ, అవే లేకపోతే లోకం చల్లగా ఉండేది" అన్నావు. ఆ మాట అన్నదెవరు? గూగూడు పీరు పేరు పెట్టుకున్న హిందువువి నువ్వు. విన్నదెవరు? కదిరి నరసింహస్వామి పేరు పెట్టుకున్న దూదేకుల ముస్లింను నేను. ఫోన్ పెట్టాక ఇది గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నా. నీకంటే ముందు పుట్టిన ఇద్దరు నిలవలేదని మీ అమ్మ గూగూడులో మొక్కుకుని నీకు ఆ పేరు పెట్టింది. మా అమ్మ కదిరి తేరు మీద మిరియాలు చల్లి నన్ను అడుక్కుంది. ఆ రోజుల్లో ఏ దేవుడు పలుకుతాడని పేరుంటే ఆ దేవుడి దగ్గరికి పోయేవాళ్లు, అంతే. ఎవరి దేవుడని అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఎనిమిదో తరగతిలో కొత్తగా వచ్చిన సారు గుర్తున్నాడా? హాజరు పట్టీలో నీ పేరు చూసి శుక్రవారం మధ్యాహ్నం "నమాజుకు పోవాల్నేమో, పోరా" అని నిన్ను పంపించేవాడు. నువ్వు నోరు మెదపకుండా పోయి నెల రోజులు రెడ్డిగారి బావిలో ఈత కొట్టొచ్చావు. నేను పోయి అడిగితే "నీకెందుకురా నమాజు?" అని చెవి మెలిపెట్టాడు. నీ తల తడిగా ఉండటం చూసి కూడా ఆయనకు అనుమానం రాలేదు. నమాజుకు ముందు కడుక్కునే వజూ చేసుకున్నావనుకున్నాడేమో పాపం.

సరే, అసలు విషయానికొస్తా. నువ్వన్న మాట నేను పూర్తిగా కొట్టిపారేయను. పీర్ల పండగనే తీసుకో, అదే మొహర్రం. అది దేని గురించి? క్రీస్తు శకం 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ను చంపిన దుఃఖం అది. చంపినోళ్లు ఎవరు? వేరే మతమోళ్లు కాదు, వాళ్లూ నమాజు చేసేవాళ్లే. ఒకే దేవుడు, ఒకే గ్రంథం ఉన్నా తెగ్గోసుకున్నారు. కాబట్టి మతం ఒక్కటైతే మనుషులు ఒక్కటవుతారని ఎవరన్నా అంటే నేను నమ్మను. కానీ అదే చావుకు ఇక్కడ నార్పల పక్కన గూగూడులో లక్షల మంది వచ్చి నిప్పుల గుండం తొక్కుతారు. అందులో ఎక్కువ మంది హిందువులే. పీర్లకు దట్టీలు కట్టేదీ, చక్కెర చదివించేదీ వాళ్లే. పక్కనే ఆంజనేయస్వామి, ఆయనకూ టెంకాయలు కొడతారు. అక్కడ వాళ్లలో వాళ్లు కొట్టుకున్న గొడవ, పదమూడు వందల ఏళ్ల తర్వాత ఇక్కడ ఏ సంబంధమూ లేనోళ్లని ఒకచోటికి తెచ్చింది. దీన్ని నీ లెక్కలో ఏ గడిలో వేస్తావు?

అట్లని మన ఊరి పీర్ల చావిడి దగ్గర ఎప్పుడూ ప్రేమలు కారిపోయాయని కూడా అనను. పంచాయతీ ఎలక్షన్లయిన ఏడు జ్ఞాపకం చేసుకో. గుండంలో మొదటి మొద్దు ఎవరు వేయాలి అని రెండు పార్టీలకూ పంతం. ఇద్దరు పెద్దమనుషులూ ఒకే కులం, చిన్నాయన పెద్దనాయన బిడ్డలు, ఒకే గుళ్లో తిరునాళ్ల చేసేవాళ్లు. రెండు బండ్ల కట్టెలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకాయన చెయ్యి విరిగింది, ఇంకొకాయన పన్ను ఊడింది. ఆ ఏడాది పీర్లు పెట్టెలోంచి బయటికే రాలేదు. ఇద్దరు హిందువులు పీర్ల దగ్గర కొట్టుకుంటే పోలీసులొచ్చి పీర్లను చూసుకునే ముజావరైన మా తాతను తీసుకుపోయి స్టేషన్లో కూర్చోబెట్టారు! మరుసటి ఏడు మా తాత ఒక ఉపాయం చేశాడు. మొదటి మొద్దు మంత్రసానవ్వ చేత వేయించాడు. రెండు పార్టీల నాయకులకూ బొడ్డు కోసింది ఆమే. ఎవడు నోరెత్తుతాడు?

మన సీమలో ఇన్నేళ్లు ఫ్యాక్షన్లో పోయిన ప్రాణాలు లెక్క చూడు. బాంబులు చుట్టినోడికీ, బాంబు తగిలినోడికీ చాలాసార్లు ఒకే ఇంటిదేవుడు. వాళ్లను మతం విడదీయలేదు, కలపనూ లేదు. పక్కకు జరిగి నిలబడింది, అంతే. కొట్టుకోవాలనుకున్నోడికి సాకులకు కొదవ లేదు మామా. గట్టు జరిగిందనీ, నీళ్లు మళ్లించాడనీ, సర్పంచి పదవి అనీ, ఏదో ఒకటి.

ఇంకొకటి. మనం ఒకసారి లారీ ఎక్కి కర్నూలు జిల్లా దేవరగట్టు పోయాం, దసరా రాత్రి. ఇంట్లో చెప్పకుండా పోయినందుకు మీ నాయన నిన్ను తర్వాత ఎంత కొట్టాడో, అది ఇప్పుడొద్దు. కొండ మీద మాళమ్మకూ మల్లేశ్వరుడికీ కల్యాణమైన తర్వాత అర్ధరాత్రి దివిటీల వెలుగులో ఆ ఉత్సవ మూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో కలబడ్డాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఒక పక్క, మిగతా ఊళ్లు ఒక పక్క. ఆ కర్రలకు ఇనుప రింగులు. ఎవడిదో రక్తం నీ తెల్ల చొక్కా మీద పడి నువ్వు వాంతి చేసుకున్నావు. ఏటా పదుల మందికి తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి, పోలీసులు ఎన్ని ఆంక్షలు పెట్టినా ఆగలేదు. నాకది నచ్చదు, ఎవరన్నా భక్తి అంటే ఒప్పుకోను. కానీ రెండు సంగతులు మరిచిపోలేను. కర్ర ఎత్తే ముందు పాలు ముట్టి బాస చేస్తారు, మనలో మనకు పగలు లేవని. ఇక తెల్లారి నువ్వూ నేనూ ఉగ్గాని తింటున్న చోట, తలకు పసుపు అద్దుకున్న ఒకాయన ఎదుటి ఊరాయనకు తన పళ్లెంలోని బజ్జీ తీసిచ్చాడు. "రాత్రి నీ కర్రేనా?" అంటే "నాదే" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ దేవరగట్టు ఉండే హొళగుంద మండలంలోనే ఇంకో సంగతి. 2022 ఏప్రిల్లో హనుమాన్ జయంతి ఊరేగింపు మసీదు ముందుకొచ్చింది. రంజాన్ నెల, డీజే మోత. మాటా మాటా పెరిగి రాళ్లు లేచాయి, ఊరంతా పోలీసులు. దెబ్బల లెక్క చూసుకుంటే దేవరగట్టు ముందర అది ఏపాటిది? మరి ఆ కర్రల గాయాలు తెల్లారేసరికి ఉగ్గానిలో కలిసిపోతాయి, ఈ రాళ్ల సంగతి మాత్రం ఎందుకు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు? దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించా. దేవరగట్టులో నువ్వెవరని ఎవడూ ఎవణ్ణీ అడగడు. అందరికీ తెలుసు. ఫలానా ఊరోడు, ఫలానా వాళ్ల అల్లుడు, నిరుడు నా దగ్గర ఎద్దులు కొన్నోడు. రాళ్లు లేచిన చోట అదే ప్రశ్న ముందుగా లేచింది, నువ్వెటు అని.

ఆ "ఎటు" అనే ప్రశ్న మా దూదేకులోళ్లకు కొత్త కాదులే. బ్రహ్మంగారి శిష్యుడయ్యాడని మా దూదేకుల సిద్ధయ్యను కడప నవాబు పిలిపించి అడిగింది కూడా అదేనంటారు కదా. మా నాయన దూది ఏకుతూ సిద్ధయ్య కథే పాడేవాడు. విల్లు తంతి టంయ్ టంయ్ మంటుంటే ఆ పాట దానికి తాళం పట్టినట్టుండేది. ఊళ్లో పెళ్లి ఏ ఇంట్లో అయినా పరుపులూ దిండ్లూ మా ఇంటి నుంచి పోవాల్సిందే. మీ అక్క పెళ్లికి పత్తి మీ చేలోది, ఏకింది మా నాయన, కుట్టింది మా అమ్మ. మీ నాయన గింజలు కొలిచేవాడు. మేం మీకు కావాల్సినోళ్లం. మీరు మాకు కావాల్సినోళ్లు. పండగలు ఆ అవసరం మీద మొలిచాయని నా అనుమానం మామా. దేవుళ్లు మనల్ని కలిపారనుకుంటాం గానీ, ముందు కలిపింది పరుపులూ గింజలూ. తర్వాత ఫోమ్ పరుపులొచ్చాయి. షోరూంలో కొనేదానికి దూదేకులోడితో పనేముంది? "పింజారి" అనేది ఒక వృత్తి పేరని కూడా మరిచిపోయి టీవీలో తిట్టుగా వాడుకుంటున్నారు.

ఇప్పుడు నా ఇంటి సంగతి. నీకు ఫోన్లో చెప్పలేదు. ఆరు నెలల కిందట మావాడికి బెంగుళూరులో ఇల్లు కుదిరింది, అడ్వాన్సు కూడా ఇచ్చాడు. ఓనరు ఆధార్ కార్డు చూసి మరుసటి రోజు డబ్బులు వెనక్కి పంపించాడు. "మా బంధువులు వస్తున్నారు" అన్నాడట. అది అయిన రెండు నెలలకు పాపకు ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, పిల్లోడు బుద్ధిమంతుడు. వాళ్ల పెద్దలు వచ్చి కూర్చుని టీ తాగి అడిగారు: ఇంట్లో ఉర్దూ మాట్లాడతారా, పీర్లకు పోతారా, ఉగాదికి మీ ఆవిడ దేవుని కడపకు పోతుందని విన్నాం, నిజమేనా? నిజమే అన్నా. ఆమె పుట్టిల్లు కడపే కదా, ఉగాది రోజు అక్కడి ముస్లింలు టెంకాయలు పట్టుకుని వెంకటేశ్వరస్వామి గుడికి పోవడం ఎప్పటి నుంచో ఉంది. స్వామి పెళ్లాడిన బీబీ నాంచారి మా ఇంటి బిడ్డ, అల్లుణ్ణి పలకరించకపోతే ఎట్లా అంటుంది. వాళ్లు టీ గ్లాసులు కింద పెట్టి లేచారు. ఓనరు లెక్కలో మేం మరీ ఎక్కువ ముస్లింలం, వీళ్ల లెక్కలో మరీ తక్కువ. ఆ రాత్రి మా పాపే నన్ను ఓదార్చింది, "పోనీలే నాయనా, అల్లుడిగా వెంకటేశ్వరుడే ఉన్నాడు కదా మనకు" అని. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నీకు చెప్పుకోవాల్సింది అసలు ఇది. మావాడికి అరబ్బీ పేరు పెట్టింది ఎవరు? నేనే. నా పేరు విని ఆఫీసుల్లో, పెళ్లిళ్లలో, మసీదులో ప్రతివాడూ "అదేంటి?" అనేవాడు. చెప్పి చెప్పి విసుగొచ్చి, నా కొడుకు ఈ బాధ పడకూడదని గట్టి ముస్లిం పేరు పెట్టా. ఇప్పుడు వాడి సర్టిఫికెట్లలో తండ్రి పేరు చూసి "మీ నాన్న మతం మారాడా?" అని అడుగుతున్నారు. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? మీ అమ్మ బతికుండగా నీ కొడుక్కి మళ్లీ ఆ పీరు పేరే పెట్టమని ఎంత మొత్తుకుంది! మోటుగా ఉంటుందని నువ్వు ఇంటర్నెట్‌లో వెతికి ఏదో సంస్కృతం పేరు పెట్టావు. ఆమెకు చివరిదాకా నోరు తిరగలేదు, "ఒరేయ్ పెద్దోడా" అనే పిలిచింది. మనల్ని ఏ అల్లర్లూ విడదీయలేదు, ఏ స్వామీ ఏ మౌల్వీ వచ్చి చెప్పలేదు. మనమే కుర్చీలో కూర్చుని పెన్ను పట్టుకుని ఆ పేర్లు రెండూ కొట్టేశాం. మతాలను తిట్టేటప్పుడు నాకు ఇది అడ్డమొస్తోంది, అందుకే ఫోన్లో నీ మాటకు వెంటనే ఊ కొట్టలేకపోయా.

మనవడి పేరు గురించి అడిగావు కదా, అది చెప్పకుండా ఏదేదో రాస్తున్నా. మీ కోడలు మూడు పేర్లు అనుకుందన్నావు. ఆమె ఇష్టం, ఆ మూడింట్లో ఏదో ఒకటి సర్టిఫికెట్లో రాయించనీ. ఉయ్యాల్లో వేసేటప్పుడు మాత్రం నువ్వు ఒక్కడివే వంగి వాడి చెవిలో మీ అమ్మ పెట్టిన పేరు ఒకసారి చెప్పు. ఎవరికీ వినపడనక్కర్లేదు. నా మనవడు పుట్టినప్పుడు నేనూ అట్లే చేస్తా, కదిరి స్వామి పేరు. అప్పటికి మావాడికి పెళ్లంటూ కావాలి కదా, అది వేరే టెన్షన్.

అటక మీద నుంచి మా నాయన విల్లు దించా. తంతి తెగిపోయి ఉంది, ఇక్కడ కట్టేవాళ్లు దొరకలేదు, తాడిపత్రిలో ఒక ముసలాయన ఉన్నాడంటే రేపు పోతున్నా. పత్తి నాలుగు కిలోలు మీ తమ్ముడే పంపించాడు, డబ్బులు తీసుకోలేదు. ఉయ్యాల పరుపు చిన్నదే కాబట్టి నా చేతులు ఆ మాత్రం ఏకగలవనుకుంటా. కొలత చెప్పలేదు నువ్వు. పొడవు, వెడల్పు మెసేజ్ పెట్టు, జానల్లో కాదు, అంగుళాల్లో.

అక్కను అడిగానని చెప్పు.

నీ
బెంచీ పక్కోడు